గోల్‌కీపరు కార్డులో గోల్స్ సున్నా

సంచిలో బూట్లు అడుగున ఉండాలని తల్లి, పైన ఉండాలని కూతురు. పొద్దున్న లేచిందగ్గర్నుంచీ అదే గొడవ. తల్లి సర్దడం, కూతురు అంతా బోర్లించి మళ్ళీ సర్దడం. చేతి తొడుగుల జోలికి మాత్రం ఇద్దరూ పోలేదు. అవి కిటికీ ఊచలకి ఆరేసి ఉన్నాయి, రెండు అరచేతులూ వీధివైపు చాచి, వచ్చేపోయేవాళ్ళని ఆపుతున్నట్టు.

"సాయంత్రం కదే బస్సు. ఇప్పట్నుంచే ఏమిటీ రభస?" అంది మంచం మీంచి నానమ్మ.

"రభస నాది కాదు నానమ్మా, నీ కోడలిది. రెండ్రోజుల ప్రయాణానికి దుకాణం పెట్టేటన్ని తువ్వాళ్ళు కూరింది. నేను ఆట ఆడాలా, తువ్వాళ్ళు అమ్ముకోవాలా?"

"చెమట పడితే తుడుచుకోవద్దూ?" అంది తల్లి.

"అంత చెమట పడితే నన్ను తుడవడం కాదమ్మా, పిండాలి."

తల్లి నవ్వలేదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది బయలుదేరబోతోందో చెప్పడం ఆమె ఉద్యోగం. అందుకే ఊరందరికీ ఆమె మైకమ్మ. రోజంతా ఎవరెవరినో సాగనంపుతూ ఎన్నడూ తొణకని ఆ గొంతు, సొంత ఇంట్లో సంచి జిప్పు లాగిన చప్పుడు వింటే మాత్రం పూడుకుపోతుంది.

కిందటి వారం భాగం చివర మనం ఈ ఇంటిని వదిలి వెళ్ళినప్పుడు, అంటే నిన్న రాత్రి, బల్ల మీద అంటించిన కవరు ఒకటి ఉంది. క్లబ్బు సెక్రెటరీ స్వయంగా తెచ్చి ఇచ్చి, "పొద్దున్నదాకా విప్పకండి, జట్టంతా ఒకేసారి చూసుకోవాలి" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. అందులో ఉన్నది జట్టు గోల్‌కీపరైన ఆ కూతురి మొట్టమొదటి కార్డు నమూనా. ఈ సీజను నుంచి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లకీ, జనం కొని దాచుకునే ఆటగాళ్ళ బొమ్మల కార్డులు వేస్తున్నారు. మెరిసే ప్యాకెట్లలో పెట్టి దేశంలో కొట్టు కొట్టుకీ పంపుతారు. ఊరంతా "గోడ" అని ముద్దుగా పిలుచుకునే ఈ పిల్ల బొమ్మ ఇక ఎక్కడెక్కడి చేతుల్లోనో పడుతుంది.

మైకమ్మకి ఎక్కడెక్కడి చేతులతోనూ పని లేదు. ఒక్క మనిషి చేతిలో పడితే చాలు.

ఆ మనిషి ఆమె తమ్ముడు. ఒకప్పుడు ఇదే క్లబ్బుకి, ఇదే గోల్ ముందు నిలబడ్డవాడు. చిన్నప్పటినుంచీ వాడికి కార్డుల పిచ్చి. ప్యాకెట్ చించితే కళ్ళు మూసుకుని ముందు వాసన చూసేవాడు. అలాంటివాడికి తన బొమ్మతోనే కార్డు వచ్చిన రోజు వాడి కాళ్ళు నేల మీద ఆనలేదు. కార్డు వెనక్కి తిప్పారు. ఆడిన ఆటలు, పక్కన అంకె. గోల్స్, పక్కన సున్నా. గోల్‌కీపరు గోల్స్ వెయ్యడు, ఆపుతాడు. అచ్చు వేసినవాళ్ళకి ఆ సంగతి తట్టలేదు. జట్టులో అందరికీ ఒకే గడులు గీసి పారేశారు. మర్నాటినుంచి ఊరికి వాడు "సున్నా" అయిపోయాడు. మొదట వాడూ నవ్వాడు. ఫైనల్లో ఓడిపోయాక ఆ పిలుపులో నవ్వు పోయి ముల్లు మిగిలింది. మంగలి షాపులో సున్నా, టీకొట్టు దగ్గర సున్నా. ఒక పొద్దున్న ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు. ఆ బస్సు బయలుదేరుతోందని మైకులో చెప్పింది మైకమ్మే. లోపల తమ్ముడు కూర్చుని ఉన్నాడని తెలియక, ఎప్పటిలాగే స్పష్టంగా, ఎప్పటిలాగే మర్యాదగా చెప్పింది. ఆఖరి స్టాపుదాకా వెళ్ళి వెతికారు. దొరకలేదు. ఇప్పటికీ ఆ రూటు పేరు చదవాల్సి వస్తే ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. ప్రయాణికులు మైకు పాడైందనుకుంటారు.

వాడు వెళ్ళేనాటికి ఈ పిల్లకి పాకడమే వచ్చు. ఇప్పుడెదురుపడితే గుర్తుపట్టలేడు. కానీ కార్డు మీద ఊరి పేరు, ఇంటి పేరు, తల్లి నోట్లోంచి ఊడిపడ్డట్టుండే ఆ మొహం ఉంటే చాలు, వాడు గుర్తుపడతాడు. ఎక్కడున్నా వాడు ప్యాకెట్లు చించకుండా ఉండలేడు. ఇదీ మైకమ్మ ఆశ. ఇంట్లో అందరికీ తెలిసిన ఆశ.

"ఇంక విప్పనా?" అంది గోల్‌కీపరు.

"విప్పవే తల్లీ, నా ప్రాణం పోయేలా ఉంది," అంది నానమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ.

కవరు చిరిగింది. కార్డు బయటికి వచ్చింది. గది గోడల మీద వెలుగు చుక్కలు ఎగిరాయి. నానమ్మ చప్పట్లు కొట్టింది.

"అబ్బో! అద్దంలా ఉందే! ఏదీ, ఇలా ఇవ్వు." కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పెట్టుకుంది. "ఇందులో నాకు నేనే కనపడుతున్నానేమిటే? నువ్వెక్కడ?"

"అదిగో నానమ్మా, ఆ మెరుపుల మధ్య."

"ఈ మెరుపులు ఎక్కడివి? ఆ రోజు వాన పడిందా?"

"పడలేదు. వాళ్ళు పెట్టారు. పొగ కూడా వాళ్ళే పెట్టారు."

"పోనీ నీ మొహం ఏది?"

బొమ్మలో రెండు చేతి తొడుగులు బంతిని పట్టుకుని ముందుకి దూసుకొస్తున్నాయి. బంతి గుమ్మడికాయంత ఉంది. దాని వెనక మొహం ఉండాలి. ఒక చెవి, కాస్త జుట్టు కనపడుతున్నాయి.

"పేరు?" అంది మైకమ్మ. ఆమె గొంతు అప్పుడే మారింది.

పేరు ఉంది. వెండిలా మెరిసే నేల మీద వెండి రేకు అక్షరాలతో ఉంది. కార్డుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఇటు వంచితే మొదటి సగం, అటు వంచితే రెండో సగం కనిపించాయి. పేరంతా ఒకేసారి కనపడాలంటే కార్డుని ఒకరు పట్టుకుని, ఇంకొకరు నేల మీద కూర్చుని చూడాలి. చూశారు కూడా.

గోల్‌కీపరు వెనక్కి తిప్పింది. వెనక అదే ఫొటో, ఇంకా చిన్నదిగా. ఊరి పేరు లేదు. దాని కింద గడులు. ఆడిన ఆటలు, పక్కన అంకె. గోల్స్, పక్కన సున్నా.

నానమ్మకి ఆ అంకె కనపడలేదు గానీ, కోడలి మొహం కనపడింది.

"అచ్చు ఎప్పుడుట?" అంది మైకమ్మ.

"ఇవాళే. మధ్యాహ్నం మొదలుపెడతారని సెక్రెటరీ అన్నాడు."

"సంచీ, తొడుగులూ తీసుకో. బస్టాండుకి వెళ్ళే దారిలోనే ప్రెస్సు."

"అమ్మా, వాళ్ళతో పోట్లాడతావా?"

"పోట్లాడను. అడుగుతాను." అని చెప్పులు వేసుకుంది. ఒక కాలికి కూతురి చెప్పు, ఒక కాలికి తనది. వీధి చివరదాకా వెళ్ళాక గాని చూసుకోలేదు.

*

ప్రెస్సు కింద అంతస్తులో మిషన్లు, పైన గాజు గదిలో డిజైనరు. కింద ఇంకు వాసన, పైన కాఫీ వాసన. డిజైనరు పాతికేళ్ళు దాటని పిల్ల. జుట్టు పెన్సిలుతో ముడేసుకుంది, ఆ పెన్సిలు కోసమే బల్లంతా వెతుకుతోంది. గోల్‌కీపర్ని చూడగానే లేచి నిలబడింది.

"అయ్యో, మీరా! కూర్చోండి. కార్డు చూశారా? ఎలా ఉంది? పిడుగులా ఉంది కదూ?"

"పిడుగులానే ఉందమ్మా," అంది మైకమ్మ. "పిడుగు పడ్డాక మనిషి మిగల్లేదు."

డిజైనరు నవ్వు సగంలో ఆగింది.

"ఆంటీ, ఇది మామూలు కార్డు కాదు. ప్యాకెట్ విప్పిన ఆ ఒక్క క్షణంలో మెరవాలి. మెరిస్తేనే కొన్నవాళ్ళు అరుస్తారు, పక్కవాళ్ళకి చూపిస్తారు. ఉత్త ఫొటో పెట్టి, కింద నల్లగా పేరు వేస్తే బస్సు పాసు అంటారు."

"బస్సు పాసు మీద మొహం కనపడుతుందమ్మా. నేను రోజూ చూస్తాను."

గోల్‌కీపరు కిటికీవైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

"అయినా ఆలోచించండి," అంది డిజైనరు, మొండిగానే. "గోల్‌కీపరుకి మొహం కంటే చేతులే కదా గుర్తు? అందుకే చేతులు ముందుకి తెచ్చాను. రెండు రాత్రులు కూర్చుని వెనకున్న గ్రౌండంతా చెరిపేశాను, ఆ పొగ పెట్టడానికి."

ఆ మాటలో నిజం లేకపోలేదు. చేతుల మీద పడ్డ మట్టి గింజ కూడా లెక్కపెట్టేలా తీర్చి దిద్దింది. పిల్ల మనసు పెట్టి చేసిన పనే. మైకమ్మకి అది తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా కంగారుగా ఉంది. అశ్రద్ధతో చేసినదాన్నయితే కసిరి మార్పించవచ్చు. ప్రేమతో చేసినదాన్ని ఎలా మార్చమనడం?

"తొడుగులు కొట్లో దొరుకుతాయండీ," అంది గోల్‌కీపరు మెల్లిగా. "ఎవరు వేసుకున్నా ఒకేలా ఉంటాయి."

అప్పుడే తలుపు తోసుకుని మిషను మేస్త్రి వచ్చాడు. చేతులకి ఇంకు, చెవి మీద బీడీ.

"అచ్చు ప్లేట్లకి పంపుతున్నారా, పంపరా? కింద మిషను నన్ను తినేస్తోంది..." అని గోల్‌కీపర్ని చూసి ఆగిపోయాడు. మొహం మతాబులా వెలిగింది. "అరె! గోడమ్మా! నువ్వేనా? మొన్నటి పెనాల్టీ! నేను గోల్ వెనకే ఉన్నాను. నువ్వు దూకినప్పుడు నా చెప్పు ఎటో పోయింది, ఇప్పటికీ దొరకలేదు! ఒక్క ఫొటో దిగుదాం, మా ఆవిడ నమ్మదు."

"మీరు పొద్దున్నించీ నా కార్డే చూస్తున్నారు కదా బాబాయ్," అంది గోల్‌కీపరు.

"నీ కార్డా? ఏది?"

ఆమె బల్ల మీద నమూనా చూపించింది. మేస్త్రి దాన్ని ఎత్తి ఇటు వంచాడు, అటు వంచాడు. మొహంలో వెలుగు కాస్త తగ్గింది.

"ఇది నువ్వా? నేనింకా ఎవరో కుర్రాడనుకున్నానే." డిజైనరువైపు చూసి గబగబా సర్దుకున్నాడు. "అంటే... మెరుపులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి."

డిజైనరు కుర్చీలో కూలబడింది.

"ఇంక మీరూ మొదలుపెట్టండి! ఆ తిట్లాయన ఒక్కడూ చాలడనా? పేరు కనపడదు, మొహం కనపడదు, వెనకా ముందూ ఒకే ఫొటో... అచ్చం ఆయనే మాట్లాడుతున్నట్టుంది!"

"ఎవరాయన?" అంది మైకమ్మ.

"ఎవరో. పేరు చెప్పడు, ఎప్పుడూ ఏదో కొత్త నంబరు. ప్రతి సీజనుకీ వాయిస్ మెసేజి పెడతాడు. తిడతాడు, అంతే. మళ్ళీ మేం వేసిన ప్రతి కార్డూ కొంటాడు. టీ వేళకి మేమందరం పెట్టుకుని వింటాం, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటాం. ఉండండి, వినిపిస్తాను. కనీసం మీరు నన్ను ఎంత మర్యాదగా తిట్టారో మీకే తెలుస్తుంది."

ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. ముందు బస్సు ఇంజను గురగుర, ఎవరో దగ్గు. తరవాత గొంతు.

"ఏమండీ కార్డులవాళ్ళూ! మళ్ళీ నేనే. వెండి రేకు మీద వెండి అక్షరాలు అచ్చేసిన మహానుభావుడెవరండీ? ఆయనకో దండం. పేరు చదవాలంటే దీపం కిందకెళ్ళి, మెడ వంచి, ఒక కన్ను మూయాలి. నేను కార్డు కొన్నానా, కళ్ళ పరీక్షకి వచ్చానా? ముందు ఏ ఫొటో ఉందో వెనకా అదే ఫొటో. రెండో ఫొటోకి కరువొచ్చిందా? కార్డు నంబరు ఆవగింజంత. ఒకే బొమ్మకి ఎరుపు పూసి ఒకటి, పచ్చ పూసి ఒకటి, ఊదా పూసి ఒకటి. అవి కార్డులా, గోడలకి రంగులు వేసేవాడి నమూనాలా? ఇంక ఆ గుడ్డముక్క కార్డు! చొక్కా ముక్క అంటించారు కదా అని సంబరపడి కొంటే, వెనక మీరే రాస్తారు, ఈ గుడ్డ ఏ ఆటకీ సంబంధించినది కాదు అని. మరి దేనికి సంబంధించిందండీ? మీ ఆఫీసు కర్టెనుకా?"

మేస్త్రి కిసుక్కున నవ్వాడు. డిజైనరు కూడా నవ్వబోయింది. మైకమ్మ మొహం చూసి మానేసింది.

మైకమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. "ఏమండీ" అన్న మొదటి మాటకే ఆమె ఫోనువైపు వంగింది. వయసు మీద పడి గొంతు కాస్త బొంగురుపోయింది గాని, కోపం వచ్చినప్పుడు ప్రతి వాక్యం చివరా పైకి లేచే ఆ లాగుడు, నవ్వించబోయే ముందు పీల్చే ఆ ఊపిరి, చిన్నప్పుడు పక్క మంచం మీంచి ఆమె విన్నవే.

ఫోనులో గొంతు తగ్గింది.

"సరే, అవన్నీ పోనివ్వండి. ఎన్ని చెప్పినా మీరు మెరుపులే పెడతారు. ఒక్కటి మాత్రం వినండి. గోల్‌కీపరు కార్డు వెనక గోల్స్ అని గడి పెట్టకండి. అందులో సున్నా వెయ్యకండి. వాళ్ళు వేసేవాళ్ళు కారు, ఆపేవాళ్ళు. ఒక్కసారి ఆ సున్నా పడిందంటే..." కాసేపు బస్సుల చప్పుడే వినిపించింది. "వెయ్యకండి. అంతే."

"తమ్ముడు," అంది మైకమ్మ.

"ఎవరు?" అంది డిజైనరు.

"మా తమ్ముడమ్మా. మా తమ్ముడు!" ఊరంతటికీ వినపడే ఆ గొంతు గాజు గదిని అదరగొట్టింది. కింద మిషన్ల దగ్గర పనివాళ్ళు తలెత్తి చూశారు. "బతికే ఉన్నాడు! తిడుతున్నాడు!"

గోల్‌కీపరు తల్లి భుజాలు పట్టుకుంది. పట్టుకోవడమేమిటి, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గెంతుతున్నారు. సంచి కాళ్ళకి అడ్డం పడింది, ఎవరూ పట్టించుకోలేదు. మేస్త్రి కళ్ళు తుడుచుకుని మొహమంతా ఇంకు పులుముకున్నాడు.

"ఇంకోసారి పెట్టమ్మా," అంది మైకమ్మ. "చివర ఉంది చూడు, ఆ చివర. గొంతు కాదు, వెనక."

మళ్ళీ పెట్టారు. "వెయ్యకండి, అంతే" అన్న మాట వెనక, చాలా దూరంనుంచి, మైకులో ఒక ఆడగొంతు లీలగా వినిపించింది. "...ప్లాట్‌ఫారం నుంచి బయలూ...దేరును."

"ఇది మా వదిన!" అంది మైకమ్మ.

"మనకి వదినలెక్కడున్నారే అమ్మా?"

"వరసకి కాదే. రేవు ఊరి బస్టాండులో మైకు చెప్పే ఆవిడ. అక్కడ బయలుదేరిన బస్సుల సంగతి రోజూ నాకు ఫోను చేసి చెబుతుంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళం ఎన్నడూ చూడలేదు గాని, వదినా అంటే వదినా అనుకుంటాం. 'బయలుదేరును' అన్నదాన్ని అలా జంతికలా సాగదీసేది లోకంలో అదొక్కతే. ఎన్నిసార్లు చెప్పానో, సాగదియ్యకు వదినా, ఈలోపు బస్సు వెళ్ళిపోతుందని!"

అంటూనే ఫోను కలిపింది. అవతల వెంటనే ఎత్తారు.

"ఏం వదినా, ఇవాళ సెలవా? మైకులో నీ బదులెవరో కోడిపుంజులా అరుస్తున్నాట్ట?"

"వదినా, ఒక్క మాట. మీ బస్టాండులో ఆటల కార్డులు కొనే మనిషెవరైనా ఉన్నాడా? కోపం ఎక్కువ."

"కొనడమేమిటి, అమ్ముతాడు కూడా! టికెట్ల కిటికీ పక్కన పత్రికల కొట్టు ఆయనదే. నా మైకుకీ ఆయన కొట్టుకీ మధ్య ఒక్క గోడ. రోజూ పోట్లాటే, సౌండు తగ్గించమని. నేను మాత్రం తగ్గించను. ఏం, నీకేమైనా బాకీనా?"

ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున్నా సాయంత్రం తను మాట్లాడిన ఫోనుకి ఆవలి గోడ వెనకే వాడు కూర్చుని ఉన్నాడు. వానలో తడిసిన బస్సుల గురించి, ఆలస్యమైన బస్సుల గురించి, పంక్చరైన టైర్ల గురించి మాట్లాడుకున్నారు. వాడి మాట ఒక్కనాడూ రాలేదు.

"బాకీయే వదినా," అంది చివరికి. "ఆయనకేమీ చెప్పకు. నా ప్రాణం మీద ఒట్టు. చెప్పావంటే వెళ్ళిపోతాడు."

"సరేలే. నేను చెప్పినా ఆయన వినడు, నా సౌండుకి చెవులో దూది పెట్టుకుంటాడు."

ఫోను పెట్టేసింది. గోల్‌కీపరు తల్లినే చూస్తోంది. కళ్ళు నక్షత్రాల్లా ఉన్నాయి.

"అమ్మా. ఇవాళ మా బస్సు వెళ్ళేది రేవు ఊరికే."

"నాకు తెలుసే."

"రేపు ఆట అయ్యాక వెళ్తాను. ఎదురుగా నిలబడతాను. కార్డు చూపిస్తాను."

"ఏ కార్డు? ఇదా?" మైకమ్మ మెరుపుల కార్డువైపు చూసింది. "ఇది చూపిస్తే నిన్ను కొట్లోంచి గెంటేస్తాడు."

అందరూ డిజైనరువైపు తిరిగారు. ఆ పిల్ల అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. జుట్టులోంచి పెన్సిలు లాగింది, జుట్టంతా భుజాల మీద పడింది, ఇంతసేపటికి పెన్సిలు దొరికినందుకు ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, పనిలో పడింది.

"ఫొటోలన్నీ ఉన్నాయి. ఏది కావాలో చెప్పండి. తొందరగా."

బొమ్మలు ఒకదాని తరవాత ఒకటి జారాయి. ఒక దాని దగ్గర మైకమ్మ "ఆపు" అంది. గోల్‌కీపరు తన ముందున్న ఆటగత్తెల మీద అరుస్తోంది. తొడుగులు నడుము మీద ఉన్నాయి. వెనక మైదానం, రేకుల షెడ్డు, కంచె మీద కూర్చున్న జనం, అన్నీ ఉన్నాయి.

"అమ్మా, అదొద్దు! నోరు సొరంగంలా ఉంది. లోపలున్న పళ్ళన్నీ లెక్కపెట్టవచ్చు."

"అదే కావాలి. వాడూ అలాగే అరిచేవాడు. ఆ షెడ్డు చూస్తే చాలు, ఏ ఊరో వాడికి చెప్పక్కర్లేదు."

"ఆ ఒక్క బొమ్మ పెట్టేదాకా నన్ను ఏడిపిస్తూనే ఉంటుందండీ, పెట్టెయ్యండి," అంది గోల్‌కీపరు.

మెరుపులు పోయాయి. పొగ పోయింది. కింద తెల్ల పట్టీ వచ్చింది, దాని మీద నల్లగా, నిండుగా పేరు. పేరు కింద ఊరు. వెనకవైపుకి ఆ పిడుగు ఫొటోనే పెట్టింది డిజైనరు. "ఇది నాకిష్టం, వెనకైనా ఉండనివ్వండి," అంది. మైకమ్మ ఆ పిల్ల తల నిమిరింది. గడుల దగ్గరికి వచ్చారు. "గోల్స్" అన్న మాట మీద పెన్సిలుతో స్క్రీనునే కొట్టేసింది డిజైనరు, కంగారులో.

"ఏం రాద్దాం?"

"ఆపినవి," అంది గోల్‌కీపరు. అంకె అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"మిగతా జట్ల గోల్‌కీపర్ల మాటేమిటి?" అన్నాడు మేస్త్రి. "ఒక్కళ్ళకే మారిస్తే బాగుండదు. అందరికీ మారుస్తారా? యజమాని ఊళ్ళో లేడు. వచ్చాక మనిద్దరి తోలూ తీస్తాడు."

"అందరికీ మారుస్తాను. డిజైను నాది, తిట్లూ నావే. మీరు మిషను ఆపండి బాబాయ్."

"ఆపడమెందుకు, ఈలోపు మార్పులేని మిగతా కార్డులు వేసుకుంటాను. నువ్వు కానివ్వు తల్లీ." మేస్త్రి మెట్లమీంచి దూకుతూ కిందికి పోయాడు. కింద ఎవరితోనో అరుస్తున్నాడు. "ఒరేయ్, సున్నా దొరికాడంట్రా! మన సున్నా!"

"ఆ పేరు పిలవకండి!" అని పైనుంచి మైకమ్మ అరిచింది. మిషన్ల మోత మీద కూడా వినిపించింది. కింద అందరూ గప్‌చుప్.

నమూనా ఒకటి చిన్న ప్రింటరు మీద వేసి, కత్తెరతో అంచులు కత్తిరించి డిజైనరు గోల్‌కీపరు చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. పేరు చదవడానికి ఎవరూ వంగలేదు, ఎవరూ కన్ను మూయలేదు.

"మీ మామయ్యకి చెప్పండి," అంది డిజైనరు సిగ్గుపడుతూ. "గుడ్డముక్క సంగతి కూడా చూస్తానని చెప్పండి. కర్టెను మాత్రం కాదని చెప్పండి."

*

బస్టాండుకి ఇద్దరూ దాదాపు పరుగెత్తారు. జట్టు బస్సు అప్పటికే వచ్చి ఆగి ఉంది. కిటికీల్లోంచి ఆడపిల్లలు తమ తమ కార్డులు వంచి వంచి చూసుకుంటూ, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకి దొరక్క పడీ పడీ నవ్వుకుంటున్నారు.

"నువ్వూ రావే అమ్మా. వెనక సీటు ఖాళీ."

రావాలనే ఉంది. మైకమ్మ బస్సు మెట్టు మీద ఒక కాలు కూడా పెట్టింది. తీసేసింది.

"నన్ను చూస్తే మొహం చెల్లక తప్పుకుంటాడు. వాడి సంగతి నాకు తెలుసు. నిన్ను చూస్తే ముందు కార్డు చూస్తాడు. తిప్పి చూస్తాడు. ఆ గడి చూశాక ఇంక ఎక్కడికీ పోడు."

"ఆదివారం సాయంత్రం మామయ్యని నీ మైకు ముందు నిలబెడతాను. సరేనా? ఏడవకు. ఇది ఏడ్చే రోజా?"

"ఏడవడం లేదే. ఇందాక పరిగెత్తాను కదా."

"చూశావా, అందుకే తువ్వాలు." గోల్‌కీపరు సంచిలోంచి ఒకటి లాగి తల్లి మెడలో వేసింది. కార్డుని చొక్కా లోపల గుండెకి ఆనించి పెట్టుకుంది. రెండు మెట్లు ఒకేసారి ఎక్కి లోపలికి వెళ్ళింది. లోపల ఒక్కసారిగా కేకలు లేచాయి. కొత్త కార్డు చూసి ఉంటారు.

జట్ల బస్సులకి మైకులో చెప్పే ఆనవాయితీ లేదు. మైకమ్మ తన గదిలోకి వెళ్ళి, బదులు కూర్చున్నవాణ్ణి లేపి, మైకు దగ్గరికి లాక్కుంది. రేవు ఊరు వెళ్ళే బస్సు బయలుదేరుతోందని చెప్పింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఎన్నడూ లేనిది, ఆ చివరి మాటని ఆమె కూడా కాస్త సాగదీసింది. బస్టాండులో ఎవరో నవ్వారు. బస్సులోంచి తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి, మలుపు తిరిగేదాకా ఊగింది.

ఆదివారం సాయంత్రం జట్టు బస్సు తిరిగి వచ్చింది. మైకమ్మ తమ్ముడు అందులోంచి దిగాడు. గోల్‌కీపరు దిగలేదు. ఆ ఆదివారమే కాదు, ఆ తరవాత ఏనాడూ ఆమె ఆ ఊరికి తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో వచ్చే వారం చెప్పుకుందాం.